పాత లగ్జరీ కారు కొనేముందు నిర్వహణ ఖర్చును లెక్కగట్టే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

కొత్తగా ఉన్నప్పుడు 60 లక్షల రూపాయలు పలికిన కారు ఏడేళ్ల తర్వాత 20 లక్షలకు వస్తోంది, తీసుకోవచ్చా అని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్నకు జవాబు ఆ 20 లక్షల్లో దొరకదు. ధర తగ్గింది కారుకే గాని, దాని విడిభాగాలకు గాని, మెకానిక్ కూలికి గాని, టైర్లకు గాని తగ్గలేదు. మీరు కొనేది 20 లక్షల కారే అయినా మేపవలసింది 60 లక్షల కారునే. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణలన్నీ మన దగ్గర ఎక్కువగా చేతులు మారే మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి డీజిల్ సెడాన్ల నుంచి తీసుకున్నవి. పద్ధతి మాత్రం ఏ లగ్జరీ కారుకైనా వర్తిస్తుంది.

## 1. లెక్క మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

కారు చూడటానికి వెళ్లకముందే అమ్మేవారిని ఇవి అడగండి. ఇవ్వడానికి వెనుకాడితే ఆ కారును అక్కడితో వదిలేయడం మంచిది.

- ఆర్‌సీ రెండు వైపులా ఫోటోలు
- 17 అక్షరాల ఛాసిస్ నంబరు
- కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి తీసిన పూర్తి సర్వీసు చరిత్ర, బయటి గ్యారేజీ బిల్లులు
- ప్రస్తుత బీమా పాలసీ, గడచిన రెండు మూడేళ్ల క్లెయిముల వివరం
- నాలుగు టైర్ల పక్కగోడల ఫోటోలు
- రుణం ఉంటే బ్యాంకు ఇచ్చిన బకాయి వివరం

ఛాసిస్ నంబరు అన్నింటికంటే ముఖ్యం. ఒకే పేరుతో అమ్ముడైన కారుకే సంవత్సరాన్ని బట్టి, వేరియంట్‌ను బట్టి బ్రేకులూ సస్పెన్షనూ మారిపోతాయి. ఆ నంబరు చెప్పకుండా అడిగిన ఎస్టిమేట్ దేనికీ పనికిరాదు.

## 2. మీ వాడకాన్ని కాగితం మీద పెట్టండి

ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, అందులో ఊళ్లో ఎంత, హైవే మీద ఎంత, ఎన్నేళ్లు ఉంచుకుంటారు అనే మూడు అంకెలు రాసుకోండి. నాలుగోది మీరు ఉండే ఊరు. హైదరాబాద్‌లో ఉండేవారికి కంపెనీ సర్వీస్ సెంటర్‌తోపాటు జర్మన్ కార్లు మాత్రమే చూసే బయటి గ్యారేజీలు కూడా అందుబాటులో ఉంటాయి. జిల్లా కేంద్రంలోనో చిన్న పట్టణంలోనో ఉండేవారైతే, కారు ఆగిపోయిన ప్రతిసారీ ఫ్లాట్‌బెడ్ (కారును పైకెక్కించుకుని మోసుకెళ్లే లారీ) మీద నగరానికి పంపే ఖర్చును లెక్కలో వేసుకోక తప్పదు.

రోజూ నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారు బీఎస్-6 డీజిల్ జోలికి పోకపోవడం మంచిది. బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం ప్రకారం 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు నిలకడగా నడిచినప్పుడే ఆ మసి కాలిపోతుంది. పొద్దున పిల్లలను బడి దగ్గర దింపి వచ్చే దూరానికి ఫిల్టర్ మూసుకుపోవడం తప్ప శుభ్రపడటం జరగదు.

## 3. సర్వీసు చరిత్రను చదవండి: జరిగినదాని కన్నా జరగనిదే ముఖ్యం

చాలామంది సర్వీసు చరిత్రలో ప్రమాదం జరిగిందా, కిలోమీటర్లు వెనక్కి తిప్పారా అన్నవే చూస్తారు. అవి చూడవలసినవే. అయితే మీ జేబుకు సంబంధించిన సంగతి వేరే ఉంది. ఇప్పటికే చేయించి ఉండవలసిన పనుల్లో ఏవి చేయించకుండా కారును అమ్మకానికి పెట్టారో తేల్చాలి. లగ్జరీ కార్లను చాలామంది పెద్ద బిల్లు రాబోతున్న సమయంలోనే అమ్ముతారు.

ఒక కాగితాన్ని రెండు నిలువు వరుసలుగా విభజించండి. ఎడమవైపు ఓనర్ మాన్యువల్ ప్రకారం ఈ వయసుకు, ఈ కిలోమీటర్లకు జరగాల్సిన పనులు రాయండి. కుడివైపు వాటికి జాబ్ కార్డులో కనిపించిన తేదీ, కిలోమీటర్లు రాయండి. కుడివైపు ఖాళీగా మిగిలిన ప్రతి గడీ మీరు కట్టబోయే బిల్లు. వీటిని ప్రత్యేకంగా వెతకండి:

గేర్‌బాక్స్ ఆయిల్. బీఎండబ్ల్యూల్లో విరివిగా వాడిన జెడ్‌ఎఫ్ 8-స్పీడ్ గేర్‌బాక్స్‌కు ఆయిల్ మార్చనక్కర్లేదని కార్ల కంపెనీ అంటుంది. దాన్ని తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గాని, 8 ఏళ్లకు గాని మార్చమంటుంది. పదేళ్లు నడపదలచినవారు జెడ్‌ఎఫ్ మాటే వినాలి. అందులో ఫిల్టర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పాన్‌తో కలిసే ఉంటుంది కాబట్టి ఆయిల్‌తోపాటు పాన్ ధర కూడా ఎస్టిమేట్‌లో ఉండాలి. ఆడిలోని తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) ఎస్-ట్రానిక్ గేర్‌బాక్సులకు సాధారణంగా 60,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చాలి. లక్ష కిలోమీటర్లు దాటిన కారు చరిత్రలో ఆ పని ఒక్కసారైనా కనిపించకపోతే జాగ్రత్తపడండి.

టైమింగ్ చైన్, టైమింగ్ బెల్ట్. ఇంజిన్ లోపలి వాల్వులను పిస్టన్ల కదలికతో కలిపి నడిపే గొలుసు లేదా పట్టీ ఇది. బీఎండబ్ల్యూ 2.0 లీటర్ డీజిల్ ఎన్47 ఇంజిన్‌లోనూ, మెర్సిడెస్ ఓఎం651 డీజిల్‌లోనూ టైమింగ్ చైన్ ఇంజిన్ వెనకవైపు, గేర్‌బాక్స్‌ను ఆనుకుని ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో కిందికి దించక తప్పని పరిస్థితి రావచ్చు. చైన్ ధర కంటే కూలి ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఆడి 2.0 టీడీఐలో చైన్‌కు బదులు బెల్ట్ ఉంటుంది. దానికి కిలోమీటర్లతోపాటు వయోపరిమితి కూడా ఉంటుంది. బెల్ట్ మార్చినప్పుడు టెన్షనర్, వాటర్ పంప్ కూడా మార్చారా అని చూడండి.

బ్రేక్ ఆయిల్, కూలెంట్. వీటికయ్యేది తక్కువే. కానీ వీటిని కూడా వదిలేసిన యజమాని పెద్ద పనులు చేయించి ఉంటాడని నమ్మడం కష్టం.

బ్యాటరీ. స్టార్ట్-స్టాప్ (కారు ఆగినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ అంటుకునే సౌకర్యం) ఉన్న కార్లకు ఏజీఎం అనే ప్రత్యేక రకం బ్యాటరీ కావాలి. బీఎండబ్ల్యూల్లో కొత్త బ్యాటరీని స్కానర్‌తో కారు కంప్యూటర్‌కు నమోదు చేయాలి. ఆ పని చేయకపోతే కారు పాత బ్యాటరీ ఉందనుకునే ఛార్జింగ్ ఇస్తుంది. దాంతో కొత్తది త్వరగా పాడవుతుంది.

## 4. కారును దగ్గరుండి పరీక్ష చేయించండి

అమ్మేవారికి సంబంధంలేని గ్యారేజీకి డబ్బు కట్టి ఈ పని చేయించాలి. ఈ ఒక్క రుసుము ఆదా చేసుకుందామని చూసినవారే తర్వాత ఎక్కువగా నష్టపోతారు.

వెళ్లగానే బానెట్ మీద చెయ్యిపెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. అలాంటప్పుడు మరో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ అంటుకున్న మొదటి కొద్ది సెకన్లలో డ్యాష్‌బోర్డు వైపు నుంచి గొలుసు గలగలలాడినట్టు శబ్దం వస్తే అది చైన్ గురించిన హెచ్చరిక. ఇంజిన్ వేడెక్కాక ఆ శబ్దం చాలాసార్లు వినపడదు.

తర్వాత లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద చూపించమనండి. చక్రాలను కారు బాడీకి కలిపే కంట్రోల్ ఆర్ముల బుష్‌ల రబ్బరు పగిలిందా, షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిల్ కారిందా, ఇంజిన్ కింద తడి ఉందా అన్నవి మీ కళ్లతో చూడాలి. మన స్పీడ్‌బ్రేకర్లూ గుంతలూ మొదట దెబ్బతీసేది ఈ బుష్‌లనే. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి సంచులు) ఉన్న కారైతే ముందురోజు రాత్రి నిలిపిన చోటే పొద్దున చూడండి. ఒక మూల కిందికి దిగి ఉంటే గాలి లీకవుతున్నట్టే. ఆ లీకు వల్ల కంప్రెసర్ కూడా అదేపనిగా తిరిగి పాడైపోతుంది.

స్కానింగ్ తప్పనిసరి. చౌక ఓబీడీ పరికరం ఇంజిన్ లోపాలను మాత్రమే చదువుతుంది. గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, సస్పెన్షన్ మాడ్యూళ్లన్నింటినీ చదివే డీలర్ స్థాయి స్కానర్ ఉన్న గ్యారేజీనే ఎంచుకోండి. లోపాల కోడ్‌లను ముందురోజే చెరిపేసి ఉంటే, కారు స్వయంగా చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తికాలేదని స్కానర్ చూపిస్తుంది. కొన్ని మోడళ్లలో తిరిగిన కిలోమీటర్లు మీటరులోనే గాక వేరే మాడ్యూళ్లలో కూడా నమోదవుతాయి. ఆ రెండు అంకెలూ పోల్చి చూడమనండి.

వరదలో మునిగిన కారు అవునో కాదో తేల్చుకోవడం మనకు మరీ అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2023 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్నో కార్లు నీటిపాలయ్యాయి. సీటుబెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి. డిక్కీలో అడుగు పలక ఎత్తి మూలలు తడిమి చూడండి. ఈ కార్లలో కార్పెట్ కింద, డిక్కీలో వైరింగూ కంట్రోల్ మాడ్యూళ్లూ ఉంటాయి. ఒకసారి తడిసిన కనెక్టర్లు నెలల తరబడి తుప్పుపడుతూ ఒక్కో సమస్యను బయటపెడతాయి. మునిగిన కారు అని తేలితే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దనండి.

## 5. ధరలు సేకరించండి

ఇప్పుడు ఛాసిస్ నంబరు ఇచ్చి రెండు చోట్ల రాతపూర్వక ఎస్టిమేట్ అడగండి. ఒకటి కంపెనీ సర్వీస్ సెంటర్, రెండోది పేరున్న బయటి గ్యారేజీ. ఈ పనులకు విడివిడిగా, కూలి, జీఎస్టీ కలిపి అడగాలి:

- ఏడాది సర్వీసు, రెండో ఏడాది పెద్ద సర్వీసు
- ముందు, వెనక బ్రేక్ ప్యాడ్లు, డిస్క్‌లు, సెన్సర్లు
- నాలుగు టైర్లు
- ముందు సస్పెన్షన్ ఆర్ములు, నాలుగు షాక్ అబ్జార్బర్లు
- గేర్‌బాక్స్ ఆయిల్, బ్యాటరీ
- పరీక్షలో బయటపడిన ప్రతి పని

రెండు ఎస్టిమేట్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే వాడే విడిభాగం ఏమిటో అడగండి. కారు కంపెనీకి భాగాలు తయారుచేసి ఇచ్చే సంస్థలే తమ సొంత పెట్టెల్లో కూడా వాటిని అమ్ముతాయి. సస్పెన్షన్ ఆర్ములకు లెమ్‌ఫోర్డర్, షాక్ అబ్జార్బర్లకు సాక్స్, ఫిల్టర్లకు మాన్ అలాంటివే. ఇవి నాసిరకం నకళ్లు కావు. పెట్టె మీది పార్ట్ నంబరు బిల్లులో రాసిచ్చే గ్యారేజీని నమ్మవచ్చు.

టైర్ల వయసు మీరే చూసుకోవచ్చు. పక్కగోడ మీద డాట్ అన్న గుర్తు తర్వాత చివర నాలుగు అంకెలుంటాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైనదని అర్థం. చాలా బీఎండబ్ల్యూలకు వచ్చే రన్-ఫ్లాట్ టైర్లు మామూలు టైర్ల కంటే ఖరీదు. ముందు, వెనక సైజులు వేరైతే టైర్లను అటూ ఇటూ మార్చి అరుగుదలను సమం చేయడం కూడా కుదరదు.

## 6. బీమా: ప్రీమియం, ఒక ప్రశ్న

1500 సీసీ దాటిన ప్రైవేటు కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం. భారమంతా సొంత నష్టానికి కట్టే ప్రీమియంలోనే ఉంటుంది.

అమ్మేవారి పాలసీలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) చూసి అదే ప్రీమియం మీకూ వస్తుందనుకోవద్దు. ఆ బోనస్ మనిషిదే గాని కారుది కాదు. మీ పాత కారు అమ్మేసి ఉంటే దాని బోనస్‌ను ధ్రువపత్రం తీసుకుని ఈ కారుకు మార్చుకోవచ్చు.

బీమా సంస్థను తప్పక అడగవలసిన ప్రశ్న: ఈ వయసు కారుకు జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ రక్షణ కవర్లు ఇస్తారా? ఐదేళ్లు దాటాక చాలా సంస్థలు వెనుకాడతాయి. జీరో డిప్రిసియేషన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో 50 శాతం మీరే భరించాలి. ఈ కార్ల ముందు బంపర్ ప్లాస్టిక్‌దే గనుక చిన్న గుద్దుడుకు కూడా ఆ సగం గట్టిగానే తగులుతుంది. ఇంజిన్ రక్షణ లేకుండా, నీళ్లు నిలిచిన రోడ్డులో నడిపి ఇంజిన్‌లోకి నీరు పోతే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ.

## 7. రిజిస్ట్రేషన్, పన్ను

మన రాష్ట్రంలోనే రిజిస్టరైన కారైతే ఫారం 29, 30తో పేరు మారుతుంది. రుణం తీరిపోయిన కారుకు ఫారం 35 కావాలి. ఇతర రాష్ట్రపు కారుకు ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్నుకు లెక్క కారు కొత్తప్పటి ధర, వయసు మీద నడుస్తుంది. మీరు కొన్న ధర మీద అంచనా వేసుకుంటే తప్పిపోతారు. ఎంత పడుతుందో అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్టీఏ కార్యాలయంలో కనుక్కోండి.

ఢిల్లీ రాజధాని ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్ కార్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడి కార్లు దక్షిణాదికి చౌకగా రావడం మొదలైంది. 2025లో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను సడలించింది. వాటి ధరకు ఈ పన్ను, రవాణా, ఎన్‌ఓసీ ఖర్చు కలిపాక స్థానిక కారుతో పోల్చండి. చాలాసార్లు తేడా మిగలదు.

## 8. మొత్తం లెక్క

కిందివి పద్ధతి చూపడానికి వేసుకున్న అంకెలు. వీటి స్థానంలో మీ ఎస్టిమేట్ల అంకెలు పెట్టుకోండి. కారు ఏడేళ్ల డీజిల్ సెడాన్, కొన్న ధర 20 లక్షలు, ఏడాదికి 12,000 కిలోమీటర్లు, నాలుగేళ్ల వాడకం.

- ఇంధనం: లీటరుకు 12 కిలోమీటర్లు, లీటరు 96 రూపాయలు: 96,000
- బీమా: 55,000
- ఏడాది సర్వీసు: 45,000
- టైర్లు: సెట్టు లక్ష, 40,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే: 30,000
- బ్రేకులు: మొత్తం 80,000, అదే దూరానికి: 24,000
- సస్పెన్షన్, బ్యాటరీ, గేర్‌బాక్స్ ఆయిల్: నాలుగేళ్లకు 2 లక్షలు: 50,000
- పాత యజమాని వదిలేసిన పనులు: 1.6 లక్షలు, నాలుగేళ్లకు పంచితే: 40,000
- అనుకోని రిపేర్లకు ఏడాదికి: 1,00,000

మొత్తం ఏడాదికి 4,40,000 రూపాయలు, అంటే నెలకు సుమారు 36,700. నాలుగేళ్ల తర్వాత కారు 10 లక్షలకు అమ్ముడైతే ధర తరుగుదల ఏడాదికి మరో 2,50,000. రెండూ కలిపితే కిలోమీటరుకు 57 రూపాయల 50 పైసలు.

రుణం మీద కొనేవారు ఈ లెక్కలో ఈఎంఐ మొత్తాన్ని కలపవద్దు. అసలు భాగం తరుగుదల రూపంలో ఇప్పటికే లెక్కకు వచ్చింది. వడ్డీ మాత్రమే కలపాలి. అయితే నెలవారీ చేతి ఖర్చు ఎంతో తెలియాలంటే ఈఎంఐని 36,700కు కలిపి చూసుకోవాల్సిందే.

తక్కువ తిరుగుతాం కాబట్టి ఖర్చు తక్కువే అనుకునేవారు ఇదే లెక్కను 5,000 కిలోమీటర్లకు వేసి చూడండి. ఇంధనం, టైర్లు, బ్రేకులు తగ్గినా మొత్తం 3.5 లక్షల దగ్గరే ఆగుతుంది. బీమాకు, సర్వీసుకు, రబ్బరు భాగాల వయసుకు మీరు ఎంత తిరిగారన్నదానితో పనిలేదు.

అనుకోని పెద్ద రిపేరు కోసం ముందే దాచుకునే ఆపద నిధి విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఏడాది నిర్వహణ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు, ఈ ఉదాహరణలో 6.6 లక్షలు, కారు కొన్న రోజునే బ్యాంకులో విడిగా ఉండాలి. అంత మిగలకపోతే ఒక మెట్టు చిన్న కారు, రెండేళ్లు తక్కువ వయసున్నది చూసుకోండి. వయసు పెరిగిన పెద్ద కారు కంటే అదే మేలు. చెన్నైలో తయారైన బీఎండబ్ల్యూ 3 సిరీస్, చాకన్‌లో తయారైన మెర్సిడెస్ సీ-క్లాస్ వంటి ఎక్కువ సంఖ్యలో అమ్ముడైన మోడళ్లకు విడిభాగాలూ, చేయి తిరిగిన మెకానిక్కులూ తేలికగా దొరుకుతారు. అరుదైన పెద్ద ఇంజిన్‌ల విషయంలో ఆ సౌకర్యం ఉండదు.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

కొన్న ధరలో శాతంగా నిర్వహణను అంచనా వేయడం. కొత్త కారు ధరను దృష్టిలో ఉంచుకుని విడిభాగాల ఎస్టిమేట్ల మీదనే లెక్క కట్టండి.

పాత వారంటీ మీద భరోసా. పొడిగించిన వారంటీ కొత్త యజమాని పేరుకు మారుతుందా, అరుగుదల భాగాలు, రబ్బరు భాగాలు అందులో ఉన్నాయా అని నిబంధనల కాగితంలో చదవండి. నోటిమాటకు విలువలేదు.

పెట్రోల్ కారుకు ఇథనాల్ సంగతి మరచిపోవడం. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2023 కన్నా ముందు తయారైన కారు అయితే ఇంధన మూత లోపలి స్టిక్కర్, మాన్యువల్ చూసి, ఎంత శాతం దాకా అనుమతి ఉందో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి. 95 ఆక్టేన్ కావాలని ఉంటే ఆ పెట్రోల్ ధరతోనే లెక్క వేయండి.

హెచ్చరిక దీపం వెలిగినా నడపడం. ఈ కార్లలో చిన్న కూలెంట్ లీకును వారంపాటు వదిలేస్తే ఇంజిన్ వేడెక్కి నష్టం సిలిండర్ హెడ్ దాకా వెళ్లవచ్చు. ఉష్ణోగ్రత హెచ్చరిక వస్తే అక్కడే ఆపి ఫ్లాట్‌బెడ్ పిలవండి.

## 10. బేరం, ఆపైన మొదటి నెల

పరీక్ష నివేదిక, రెండు ఎస్టిమేట్లు ముందు పెట్టి, వదిలేసిన పనుల మొత్తాన్ని అడిగిన ధరలోంచి తీసేయమనండి. బేరం ఏదో ఒక గుండ్రటి అంకె మీద కాకుండా ఈ జాబితా మీద సాగాలి. టైర్లు, బ్రేకుల ఖర్చులో సగం తగ్గించడానికి చాలామంది ఒప్పుకుంటారు. చైన్, గేర్‌బాక్స్ విషయంలో అనుమానం ఉంటే సగానికి ఒప్పుకోకండి. పూర్తి ఖర్చు తగ్గిస్తేనే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

కారు ఇంటికి వచ్చాక మొదటి నెలలో ఈ వరుసలో చేయించండి:

- ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్
- పరీక్షలో తేలిన భద్రతా పనులు: టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ ఆర్ములు
- గేర్‌బాక్స్ ఆయిల్, అవసరమైతే బెల్ట్
- అన్ని పనులూ అయ్యాక మరోసారి పూర్తి స్కానింగ్, నివేదిక ప్రింటు

పేరు మారిన 14 రోజుల్లో బీమా బదిలీకి దరఖాస్తు చేయాలి. ఆర్‌సీ మీ పేరున మారినా, పాలసీ పాత యజమాని పేరునే ఉంటే మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ చెల్లకపోవచ్చు. అందువల్ల బదిలీ అయిన పాలసీ కాగితం చేతికి వచ్చేదాకా కారును దూర ప్రయాణానికి తీయకండి.